చేతికీ ఓ చదువుంది!

స్పాలు, ఆయుర్వేద కేంద్రాలు, రిసార్టులు, క్రీడా అకాడమీలు.. మసాజ్ థెరపిస్టులు కావాలన్న ప్రకటనలు చాలాచోట్ల కనిపిస్తున్నాయి. పదో తరగతి, ఇంటర్ అయ్యాక త్వరగా ఉపాధి కోరుకునేవారికి ఇదొక దారి. ‘ఒళ్లు పట్టడమే కదా.. ఇందులో నేర్చుకునేదేముంది?’ అనుకుంటే మాత్రం పొరపాటే. బలంగా నొక్కడం ఎవరికైనా వస్తుంది. ఏ పట్టు ఎక్కడ వేయాలి, ఎటు నుంచి ఎటు చెయ్యి నడపాలి, అసలు ఎప్పుడు చెయ్యి వేయకూడదు.. ఈ మూడూ తెలిస్తేనే థెరపిస్టు. అవి తెలియాలంటే ముందు ఈ వృత్తి భాష తెలియాలి. ఆ భాషే మీకు ఉద్యోగం తెస్తుంది, గౌరవం తెస్తుంది. కొన్నిసార్లు ఎదుటివారి ప్రాణం కూడా కాపాడుతుంది. అదేంటో చూద్దాం.

పేర్లు కొత్తవి.. పనులు పాతవే

పసిబిడ్డను కాళ్ల మీద పడుకోబెట్టుకుని నూనె రాసే అమ్మమ్మను చూసే ఉంటారు. ముందు ఒళ్లంతా నిమురుతుంది. తర్వాత కాళ్లూ చేతులూ మెల్లగా పిసుకుతుంది. కీళ్ల దగ్గర వేళ్లతో గుండ్రంగా రుద్దుతుంది. వీపు మీద తడుతుంది. మసాజ్ పాఠ్యపుస్తకంలో మొదటి అధ్యాయం దాదాపు ఇదే! నిమరడం, పిసకడం, రుద్దడం, తట్టడం.. వీటికి తరగతిలో వేరే పేర్లు ఉంటాయంతే.

ప్రపంచంలో చాలాచోట్ల మసాజ్ శిక్షణ స్వీడిష్ పద్ధతితో మొదలవుతుంది. స్వీడన్‌కు చెందిన పెర్ హెన్రిక్ లింగ్ 1813లో స్టాక్‌హోంలో వ్యాయామ విద్యా సంస్థను ప్రారంభించారు. అందుకే చాలాకాలం ఈ పద్ధతికి ఆద్యుడిగా ఆయన పేరే చెప్పారు. ఇందులోని పట్లకు ఫ్రెంచి పేర్లు స్థిరపడటంలో మాత్రం నెదర్లాండ్స్ వైద్యుడు యోహాన్ గెయార్గ్ మెట్స్‌గర్‌ది ప్రధాన పాత్ర అంటారు. తమాషా ఏంటంటే, స్వీడన్‌లో దీన్ని స్వీడిష్ మసాజ్ అనరు.. ‘క్లాసిక్ మసాజ్’ అంటారు.

అయిదు పట్లు.. వచ్చి తీరాలి

ఇంటర్వ్యూకి వెళ్తే దాదాపు మొదట అడిగేవి ఇవే. పేరు చెప్పడంతో సరిపోదు, చేసి చూపించమంటారు.

ఎఫ్లూరాజ్: నిమరడం. అరచేతిని పూర్తిగా ఆనించి పొడవుగా, ఒకే వేగంతో చెయ్యి జార్చడం. మసాజ్ దీంతోనే మొదలవుతుంది, దీంతోనే ముగుస్తుంది. నూనె సమంగా పట్టించడానికి, చర్మాన్ని వేడెక్కించడానికి, ఏ కండరం బిగుసుకుపోయిందో చేత్తో కనిపెట్టడానికి ఇది ఉపయోగపడుతుంది. కాళ్లూ చేతుల మీద ఒత్తిడి ఎప్పుడూ గుండె వైపే ఉండాలి. అంటే పాదం నుంచి తొడకు, మణికట్టు నుంచి భుజానికి. సిరల్లోని కవాటాలు రక్తాన్ని గుండె వైపే వెళ్లనిస్తాయి కాబట్టి మన చెయ్యి కూడా అదే దారిలో నడవాలి. కిందికి వచ్చేటప్పుడు చెయ్యి తియ్యొద్దు, ఒత్తిడి మాత్రం తీసేసి తేలిగ్గా జార్చండి.

పెట్రిసాజ్: పిసకడం. ఫ్రెంచిలో పిండి కలపడానికి వాడే మాట నుంచి ఈ పేరొచ్చింది. చపాతీ పిండి పిసికే చేతికి ఇది త్వరగా పట్టుబడుతుంది. కండరాన్ని ఎముక మీద నుంచి కాస్త పైకెత్తి, పిండి, వదలడమే ఇందులోని కిటుకు. రెండు చేతులతో బట్ట పిండినట్లు చేస్తే రింగింగ్. చర్మాన్ని వేళ్ల మధ్య తీసుకుని దొర్లిస్తే స్కిన్ రోలింగ్. పిక్కలు, తొడలు, భుజాల లాంటి కండ ఉన్నచోట్ల ఇది బాగా పనిచేస్తుంది. గిల్లినట్లు అనిపిస్తోందంటే వేళ్ల కొసలతో పట్టుకుంటున్నారని అర్థం. అరచేతి మొత్తాన్నీ వాడండి.

ఫ్రిక్షన్: రుద్దడం. బొటనవేలు లేదా వేలి కొసలతో ఒకేచోట లోతుగా, చిన్నచిన్న వలయాలుగానో కండరపు నారలకు అడ్డంగానో కదపడం. ఇక్కడ నూనె తక్కువుండాలి. వేలు చర్మం మీద జారిపోకూడదు, చర్మంతో పాటే కదలాలి. నారలకు అడ్డంగా రుద్దే పద్ధతికి ప్రాచుర్యం తెచ్చింది బ్రిటిష్ వైద్యుడు జేమ్స్ సిరియాక్స్. కొత్తగా దెబ్బ తగిలి వాచి, వేడిగా ఉన్నచోట ఈ పట్టు జోలికి వెళ్లొద్దు.

టపోట్‌మెంట్: తట్టడం. అరచేతి అంచులతో తడితే హ్యాకింగ్. అరచేతిని దోసిలిలా వంచి తడితే కప్పింగ్. వదులు పిడికిలితో తడితే బీటింగ్. మణికట్టు వదులుగా ఉంటేనే ఇది కుదురుతుంది, బిగిస్తే దెబ్బే! వెన్నెముక మీద, నడుముకు పైన మూత్రపిండాలుండే చోట తట్టకూడదు.

వైబ్రేషన్: అదిరించడం. అరచెయ్యి ఆనించి, మోచేతి నుంచి సన్నని వణుకు పుట్టించడం. చూడటానికి తేలికే, అయిదింటిలో చెయ్యి త్వరగా అలసిపోయేది మాత్రం ఇదే. ఛాతీలో కఫం కదిలించడానికి ఫిజియోథెరపిస్టులు కప్పింగ్, వైబ్రేషన్ రెండూ వాడతారు.

వరస కూడా ముఖ్యమే. నిమిరి వేడెక్కించకుండా నేరుగా లోతుగా నొక్కితే కండరం ఇంకా బిగుసుకుంటుంది. తేలిక నుంచి లోతుకు, లోతు నుంచి మళ్లీ తేలికకు.. ఇదీ సూత్రం.

శరీరం ఓ మ్యాప్

‘కుడి భుజం వెనక, మెడకు దగ్గర్లో బిగుతుగా ఉంది’ అని క్లయింట్ అంటారు. మీ రికార్డులో అది ‘రైట్ అప్పర్ ట్రెపీజియస్’ అవుతుంది. రేపు మీరు సెలవు పెట్టినా, ఆ షీట్ చూసి ఇంకొక థెరపిస్టు పని కొనసాగించగలగాలి. అందుకే ఈ మాటలు.

బోర్లా పడుకుంటే ప్రోన్, వెల్లకిలా పడుకుంటే సుపైన్. శరీరం ముందు వైపు యాంటీరియర్, వెనక వైపు పోస్టీరియర్. మొండేనికి దగ్గరగా ఉంటే ప్రాక్సిమల్, దూరంగా ఉంటే డిస్టల్. మోచేతితో పోలిస్తే భుజం ప్రాక్సిమల్, మణికట్టు డిస్టల్. ఇక కండరాలు. మెడ నుంచి వీపు మధ్య వరకూ పరుచుకున్నది ట్రెపీజియస్. భుజం మీద టోపీలా ఉండేది డెల్టాయిడ్. వెన్నెముకకు రెండు వైపులా తాళ్లలా సాగేవి ఎరెక్టర్ స్పైనే. తొడ ముందు క్వాడ్రిసెప్స్, వెనక హ్యామ్‌స్ట్రింగ్స్, పిక్కలో గ్యాస్ట్రోక్నీమియస్. ముందుగా ఈ ఆరూ నేర్చుకోండి. అద్దం ముందు నిలబడి మీ శరీరం మీదే చెయ్యి పెట్టి పేరు చెప్పుకుంటే వారంలో వచ్చేస్తాయి.

‘నాట్’, ‘ట్రిగ్గర్ పాయింట్’ అనే మాటలు కూడా తరచూ వినిపిస్తాయి. కండరంలో గట్టిగా, నొక్కితే నొప్పి వేరేచోటికి పాకినట్లు అనిపించే బిందువును ట్రిగ్గర్ పాయింట్ అంటారు. అమెరికా అధ్యక్షుడు కెనడీకి వైద్యం చేసిన డాక్టర్ జానెట్ ట్రావెల్ ఈ భావనకు ప్రాచుర్యం తెచ్చారు.

చెయ్యి వేయకూడని వేళ

ఈ చదువులో అసలైన పరీక్ష ఇదే. మసాజ్ చేయకూడని పరిస్థితిని కాంట్రాఇండికేషన్ అంటారు. ఒక ఉదాహరణ తీసుకుందాం.

యాభై అయిదేళ్ల ఆవిడ వచ్చారు. పిల్లల దగ్గర ఉండి, సుదీర్ఘ విమాన ప్రయాణం చేసి రెండు రోజుల కిందటే తిరిగొచ్చారు. ‘ఎడమ పిక్క ఒకటే లాగుతోందమ్మా, కాస్త గట్టిగా పట్టు’ అన్నారు. చూస్తే ఎడమ పిక్క కుడిదానికంటే లావుగా వాచి ఉంది. ముట్టుకుంటే వేడిగా ఉంది. మీరేం చేస్తారు?

గట్టిగా పట్టారనుకోండి.. అది లోపలి సిరలో రక్తం గడ్డకట్టిన పరిస్థితి, అంటే డీప్ వీన్ థ్రాంబోసిస్ అయితే, గడ్డ కదిలి ఊపిరితిత్తులకు చేరి ప్రాణం మీదికి రావచ్చు. మీరు అనాల్సింది ఒక్కటే: ‘అమ్మా, వాపు ఒక్క కాలికే ఉంది, వేడిగా కూడా ఉంది. దీన్ని నేను ముట్టుకోకూడదు. ఈరోజే డాక్టరుకి చూపించండి.’ జబ్బు పేరు చెప్పొద్దు, అది వైద్యుల పని. ఆరోజు మీకు ఒక సర్వీస్ డబ్బు పోవచ్చు. ఆవిడకు మిగిలేది ప్రాణం.

జ్వరం, చర్మం మీద అంటువ్యాధి, మానని గాయం, కాలిన చోటు, కొత్తగా జరిగిన ఆపరేషన్, విరిగిన ఎముక.. ఇవి కనిపిస్తే ఆగండి. అదుపులో లేని రక్తపోటు, గుండె జబ్బు, క్యాన్సర్ చికిత్స, గర్భం, రక్తం పలచబడే మందులు, ఎముకలు గుల్లబారడం.. వీటిలో ఏదున్నా వైద్యుల అనుమతి తర్వాతే. ఉబ్బిన సిరల మీద ఒత్తిడి వద్దు. మెడ ముందు భాగం, చంక, మోచేతి మడత, గజ్జలు, మోకాలి వెనక గుంట.. ఇక్కడ నరాలు, రక్తనాళాలు పైపైనే ఉంటాయి కాబట్టి లోతుగా నొక్కకూడదు.

ఇవన్నీ అడగడానికి ఒక పద్ధతి ఉంది. దాన్ని ఇన్‌టేక్ లేదా కన్సల్టేషన్ అంటారు. జబ్బులు, మందులు, ఆపరేషన్లు, అలర్జీలు ముందే అడిగి రాసుకోవాలి. నూనె విషయమూ అంతే. మనం మంచినూనె అని పిలుచుకునే నువ్వుల నూనె కూడా కొందరికి పడదు. సువాసన కోసం వాడే ఎసెన్షియల్ ఆయిల్స్‌ని నేరుగా చర్మానికి రాయకూడదు, మామూలు నూనెలో కలపాలి. 2 శాతం పాళ్లు కావాలంటే 30 మిల్లీలీటర్ల నూనెలో సుమారు 12 చుక్కలు.

అడిగి చేయండి.. కప్పి చేయండి

మన సమాజంలో ఈ వృత్తిని అనుమానంగా చూసేవాళ్లున్నారు. ఇంట్లో ‘స్పాలో ఉద్యోగమా!’ అని నొసలు ముడిచే అవకాశమూ ఉంది. దానికి వాదనతో కాదు, పద్ధతితో జవాబివ్వాలి.

మొదటిది కన్సెంట్, అంటే సమ్మతి. ఏ భాగాలకు చేస్తారో, ఎంతసేపో ముందే చెప్పి ఒప్పుకోలు తీసుకోవాలి. మధ్యలో వద్దంటే అక్కడితో ఆపేయాలి. రెండోది డ్రేపింగ్. మసాజ్ చేస్తున్న భాగం తప్ప మిగతా ఒళ్లంతా షీటుతో కప్పి ఉంచడం. ఎడమ కాలు పూర్తయ్యాక కప్పి, ఆ తర్వాతే కుడి కాలు మీది షీటు తీస్తారు. మూడోది ఒత్తిడి కొలత. ‘సార్, సున్నా అంటే ఏమీ తెలియట్లేదు, పది అంటే భరించలేను. ఇప్పుడు ఎంతుంది?’ అని అడగండి. నాలుగు నుంచి ఆరు మధ్య ఉంటే చాలు. ఊపిరి బిగబట్టినా, పిడికిలి బిగించినా ఆయన నోటితో చెప్పకపోయినా ఎక్కువైందనే అర్థం. ‘నొప్పి పుడితేనే పని జరిగినట్లు’ అనే మాట నమ్మొద్దు.

ఈ గీత రెండు వైపులా ఉంటుంది. క్లయింట్ తప్పుగా మాట్లాడినా, ప్రవర్తించినా సర్వీస్ ఆపేసి గది బయటకు వచ్చే హక్కు మీకుంది. చేరేముందే ‘ఇలాంటప్పుడు మీ సంస్థ ఏం చేస్తుంది?’ అని యాజమాన్యాన్ని అడగండి. పది మంది లేదా అంతకన్నా ఎక్కువ మంది పనిచేసేచోట మహిళలపై వేధింపుల ఫిర్యాదులకు అంతర్గత కమిటీ ఉండాలని 2013 నాటి చట్టం చెబుతోంది. అంతకంటే చిన్న సంస్థల్లో పనిచేసేవారు జిల్లా స్థాయిలోని స్థానిక కమిటీని ఆశ్రయించొచ్చు. 112, 181 నంబర్లు ఫోన్‌లో ఉంచుకోండి.

మీ ఒళ్లు జాగ్రత్త

రోజుకు నలుగురైదుగురికి మసాజ్ చేసే చేతులు అవి. కొత్తవాళ్లు చాలామంది బొటనవేళ్ల నొప్పితో, నడుం నొప్పితో వృత్తి వదిలేస్తారు. కారణం చేతి బలంతో చేయడమే. బలం చేతిది కాదు, ఒంటి బరువుది కావాలి. దీన్నే బాడీ మెకానిక్స్ అంటారు.

నిలబడి చేతులు వదిలేస్తే పిడికిలి కణుపులు బల్లకు తగిలేంత ఎత్తులో మసాజ్ టేబుల్ ఉండాలి. ఒక కాలు ముందుకు, ఒకటి వెనక్కి పెట్టి, వెనక మడమ నుంచి బరువును ముందుకు వంచండి. నడుం వంచొద్దు, మోకాళ్లు వంచండి. భుజాలు చెవుల దాకా లేస్తున్నాయంటే ఆగి సరిచేసుకోండి. లోతైన ఒత్తిడికి బొటనవేలు కాకుండా ముంజేయి, పిడికిలి వాడటం నేర్చుకోండి. గోళ్లు కత్తిరించుకోవడం, ప్రతి క్లయింట్‌కీ ముందూ వెనకా చేతులు కడగడం, షీటు మార్చడం.. ఇవి చెప్పించుకోకుండానే చేయాలి.

ఈ మాటలు అనొద్దు

‘ఒంట్లో విషాలన్నీ పోతాయి’ అని కొన్ని బోర్డుల మీద ఉంటుంది. మసాజ్‌తో అలా జరుగుతుందనడానికి ఆధారాల్లేవు. వ్యాయామం తర్వాత కండరాల్లో చేరే ల్యాక్టిక్ ఆమ్లం కూడా సుమారు గంటలో దానంతటదే తగ్గుతుంది. కండరాల బిగుతు సడలుతుంది, ఒత్తిడి తగ్గుతుంది, హాయిగా ఉంటుంది.. ఇంతవరకు చెప్పండి. అది తక్కువేమీ కాదు.

బెణికిందని వచ్చినవారి కీళ్లను ‘సరిచేస్తాను’ అని లాగొద్దు. మెడ విరవొద్దు. ఫిజియోథెరపిస్టు అని చెప్పుకోవద్దు, దానికి బీపీటీ చదవాలి. మీ పరిధి మీకు తెలిస్తే ఫిజియోథెరపిస్టులే మీ దగ్గరికి మనుషుల్ని పంపుతారు.

ఇంకా ఏమేం ఉన్నాయి?

స్వీడిష్ పునాది పడ్డాక దేన్లోనైనా ప్రత్యేకత సాధించొచ్చు. థాయ్ మసాజ్‌లో నూనె ఉండదు. వదులు దుస్తుల్లో ఉన్నవారిని చాప మీద పడుకోబెట్టి నొక్కుతూ, సాగదీస్తారు. ‘నువాద్ థాయ్’ పేరుతో ఇది 2019లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరింది. జపాన్ పద్ధతి షియాత్సు. షి అంటే వేలు, అత్సు అంటే ఒత్తిడి. డీప్ టిష్యూ, స్పోర్ట్స్ మసాజ్‌లకు కండరాల మీద ఇంకా పట్టు కావాలి. జపాన్‌లో చూపులేనివారు తరతరాలుగా మసాజ్‌ను వృత్తిగా చేసుకున్నారు. స్పర్శే ఇక్కడ పెట్టుబడి కాబట్టి దృష్టిలోపం ఉన్న యువత కూడా దీన్ని పరిశీలించొచ్చు.

ఆయుర్వేదంలో పదాలు మనకు దగ్గరివే. అభ్యంగం అంటే నూనెతో మర్దన. ఉద్వర్తనం అంటే చూర్ణంతో రుద్దడం, మన నలుగు గుర్తొస్తుంది కదా! శిరోధార అంటే నుదుటి మీద సన్నని ధారగా నూనె పోయడం. చాలామంది మసాజ్‌నే పంచకర్మ అనేస్తారు. నిజానికి అభ్యంగం పంచకర్మకు ముందు చేసే సన్నాహం, దాన్ని పూర్వకర్మ అంటారు. అసలు కర్మలైన వమనం, విరేచనం, వస్తి, నస్యం లాంటివి ఆయుర్వేద వైద్యుల పర్యవేక్షణలోనే జరగాలి. ఇంటర్వ్యూలో ఈ తేడా చెప్పగలిగితే మీరు చదివి వచ్చారని వెంటనే తెలిసిపోతుంది.

ఎక్కడ నేర్చుకోవాలి?

ఐటీఐ ట్రేడుల్లో స్పా థెరపీ ఒకటి. బ్యూటీ అండ్ వెల్‌నెస్ సెక్టార్ స్కిల్ కౌన్సిల్ పరిధిలో అసిస్టెంట్ స్పా థెరపిస్ట్, స్పా థెరపిస్ట్ కోర్సులున్నాయి. ఆయుర్వేదం వైపు వెళ్లాలనుకుంటే పంచకర్మ టెక్నీషియన్ కోర్సులు చూడండి. కేరళలోని చెరుతురుత్తిలో కేంద్ర ప్రభుత్వ పంచకర్మ పరిశోధన సంస్థ ఉంది. అర్హతలు, సీట్లు ఆయా నోటిఫికేషన్లలో చూసుకోండి.

ప్రైవేటు సంస్థలో చేరేముందు అయిదు ప్రశ్నలు అడగండి. ప్రాక్టికల్ ఎన్ని గంటలు? అనాటమీ ఎవరు చెబుతారు? కాంట్రాఇండికేషన్లు పరీక్షలో ఉన్నాయా? సర్టిఫికెట్ ఎవరి పేరుతో వస్తుంది, దాన్ని స్కిల్ ఇండియా పోర్టల్‌లో సరిచూడొచ్చా? పాత విద్యార్థులు ఎక్కడ పనిచేస్తున్నారు, వాళ్లతో మాట్లాడొచ్చా? చివరి ప్రశ్నకు జవాబు దాటేస్తే ఫీజు కట్టొద్దు.

జీతం సాధారణంగా మూడు ముక్కలు.. స్థిర వేతనం, సర్వీసుల మీద కమీషన్, టిప్పులు. స్థిర వేతనం ఎంతో, పీఎఫ్, ఈఎస్‌ఐ ఉన్నాయో లేవో, రోజుకు ఎన్ని సర్వీసులు చేయిస్తారో రాతపూర్వకంగా తీసుకోండి.

విదేశాలంటే ఇంకాస్త జాగ్రత్త. అమెరికాలో చాలా రాష్ట్రాల్లో లైసెన్సు తప్పనిసరి. న్యూయార్క్‌లో అయితే 1,000 గంటల శిక్షణ అడుగుతారు. ఇక్కడి సర్టిఫికెట్ అక్కడ నేరుగా చెల్లుతుందని ఎవరైనా చెబితే నమ్మొద్దు. గల్ఫ్‌లో స్పా ఉద్యోగమని చెప్పే ఏజెంటు ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో నమోదయ్యారో లేదో చూడండి. విజిటింగ్ వీసా మీద వెళ్లిపొమ్మన్నా, పాస్‌పోర్టు తన దగ్గర పెట్టుకుంటానన్నా అక్కడితో ఆపేయండి. ఉద్యోగం పేరుతో మోసపోయిన ఆడపిల్లల కథలు ఇలాగే మొదలవుతాయి.

ఈ వారమే మొదలుపెట్టండి

శిక్షణలో చేరకముందే ఇది మీకు సరిపడుతుందో లేదో తెలుసుకోవచ్చు. ఆరోగ్యంగా ఉన్న ఇంట్లోవాళ్లను అడిగి, పది నిమిషాలు పిక్కకు మసాజ్ చేయండి. మూడు నిమిషాలు మడమ నుంచి మోకాలి కిందివరకు నిమరండి. నాలుగు నిమిషాలు పిసకండి. ఒక నిమిషం తేలిగ్గా తట్టండి. చివరి రెండు నిమిషాలు మళ్లీ నిమరండి. మధ్యలో రెండుసార్లు ఒత్తిడి ఎంతుందో అడగండి. తర్వాత నోట్‌బుక్‌లో మూడు విషయాలు రాయండి. ఏ కండరం, ఏ పట్లు, ఎక్కడ బిగుతు?

రెండు వారాలు ఇలా చేశాక కూడా చేతులకు విసుగు రాకపోతే, ఎదుటివారి ఊపిరి నెమ్మదించడం మీ చేతికి తెలుస్తుంటే, ఈ పని మీకు సరిపడుతుంది. అప్పుడు ఇంట్లో ‘ఒళ్లు పట్టే ఉద్యోగమేంటి?’ అని ఎవరైనా అడిగితే, వాళ్ల భుజం మీద చెయ్యి వేసి ‘ఇది ట్రెపీజియస్, ఇక్కడ బిగుసుకుపోయింది’ అని చెప్పండి. మిగతాది మీ చేతులే చెబుతాయి.